మేస్త్రీగారి రంగు దిగలేదు

మా మేస్త్రీగారు పోయారన్న కబురు తెలిసేటప్పటికి నేను ఆఫీసులో ఉన్నాను. చీరాలలో ఒక కాలేజీలో గుమస్తాని. సర్టిఫికెట్ల మీద వరసగా స్టాంపు కొడుతుంటే, పక్కన పెట్టిన ఫోనులో మా పావురాల సంఘం గ్రూపు మోగింది. “ప్రెసిడెంటు గారు ఈ ఉదయం కన్నుమూశారు” అని ఉంది. ఎత్తిన స్టాంపు చేతిలో అలాగే ఉండిపోయింది. దాని అడుగున ఊదారంగు సిరా. నాలుగేళ్ళుగా ఆ రంగు కంటబడకూడదనే అనుకుంటాను. ఉద్యోగమే అది కాబట్టి రోజూ చూడక తప్పదు. సెలవు చీటీ రాసిచ్చి ఆటో ఎక్కాను.

పేరుకు ఆయన మా సంఘం ప్రెసిడెంటే గానీ, మాకెవరికీ ఆ పిలుపు నోట పలికేది కాదు. నూలుకు రంగులద్దే మేస్త్రీ ఆయన. ఒళ్ళు సహకరించినన్నాళ్ళూ కాగుల దగ్గరే గడిపారు. ఆయన చేతి నూలుతో నేసిన చీర చిరిగిపోవాలే తప్ప రంగు దిగదని మా ఊరి నేతగాళ్ళు గట్టిగా చెప్పేవాళ్ళు. పని మానేసి ఎన్నేళ్ళయినా ఆయన గోళ్ళ అంచుల్లో నలుపు పోలేదు. ఎవరైనా ఆ గోళ్ళ వంక చూస్తే, “చూడవయ్యా, సబ్బులన్నీ అయిపోయాయి గానీ ఇది పోలా” అని చేతులు చాపి మరీ చూపించేవారు. ఆ మాటలో గర్వం ఉండేది. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

పావురాల పిచ్చి లేనివాళ్ళకి మా సంఘం సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఏటా ఎండాకాలంలో పోటీ పెడతాం. పొద్దున్నే ఎవరి డాబా మీద వాళ్ళు పిట్టను వదులుతారు. చుక్కలా కనబడేంత ఎత్తుకు పోయి అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఎవరి పిట్ట ఆఖరున దిగితే వాళ్ళు గెలిచినట్టు. పావురాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గనక, మధ్యలో పిట్టను మార్చే మోసం జరక్కుండా ముందురోజు సాయంత్రం సంఘం తరఫున కార్యదర్శి ఇంటింటికీ వెళ్ళి రెక్క లోపల ముద్ర వేస్తాడు. దిగాక ముద్ర ఉంటే సరే. లేకపోతే ఆ మనిషి దొంగ. మధ్యేమార్గం ఏమీ లేదు.

ఆ ముద్రకు వాడే సిరా మేస్త్రీగారిదే. బజారు సిరా ఆయనకు ఆనదు. కరక్కాయలు నలగ్గొట్టి, తుప్పు పట్టిన మేకులు వేసి, ఇంటి వెనక పొయ్యి మీద కాచి, చిన్న గాజు సీసాలో పోసి ఇచ్చేవారు. వానలో తడిసినా, పిట్టకు చెమట పట్టినా ఆ నలుపు చెక్కు చెదరదు. “పిట్టకు చెమటేంటండీ మేస్త్రీగారూ” అని మేం నవ్వేవాళ్ళం. “అంత పైకి నువ్వెళ్ళి చూడు, నీకూ పడుతుంది” అనేవారు.

ఆయన పద్ధతులు ఇంకా ఉన్నాయి. సంఘం గది బయట గోడ మీద నల్లబల్ల ఒకటి వేయించారు. కమిటీలో ఏం అనుకున్నా మర్నాడు పొద్దున్నే నంబరు వేసి సుద్దముక్కతో దాని మీద రాసేవారు. ఆయన్ని ఎవరైనా తిడితే అదీ రాసేవారు. “మూడు. ప్రెసిడెంటు తన పక్క వీధి వాళ్ళకే అనుకూలంగా ఉంటున్నాడని ఒక సభ్యుడి ఫిర్యాదు. నిజమే కావచ్చు, వచ్చే మీటింగులో తేలుద్దాం” అని ఒకసారి రాస్తే దారినపోయే వాళ్ళు కూడా ఆగి చదువుకున్నారు. “గోడ మీద రాయలేని మాట కమిటీలో ఎందుకయ్యా ఆడటం?” అనేవారు ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే. సంవత్సరం చివర అంతా పుస్తకంలోకి ఎక్కించి, తడిగుడ్డతో బల్ల తుడిచి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు.

అంత దాపరికం లేని మనిషిని నాలుగేళ్ళు నోరు మూయించినవాణ్ణి నేను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అది చెప్పడానికే.

అప్పుడు నేను కొత్తగా కార్యదర్శినయ్యాను. ముద్రలు వేయడానికి సీసా, రబ్బరు స్టాంపు నా చేతికిచ్చి, “జాగ్రత్తయ్యా, సంఘం పరువు ఈ మూతలో ఉంది” అన్నారు. ఊరంతా తిరిగాను. ఆఖరి ఇల్లు వేటపాలెంలో నా స్నేహితుడిది. చీరలు నేస్తాడు. నాకు పావురం పట్టుకోవడం నేర్పింది వాడే. వాడి డాబా మెట్లెక్కుతూ సంచిలో చూస్తే సీసా ఒలికిపోయి ఉంది. మూత సరిగా పెట్టలేదు నేను. వెనక్కి వెళ్ళి మేస్త్రీగారిని ఇంకొంచెం అడిగితే సరిపోయేది. ఏ మొహం పెట్టుకుని అడగను? మొదటి రోజే సీసా ఒలకబోసుకున్నాడు వీడేం కార్యదర్శి అనుకుంటారని సిగ్గేసింది. సంచిలో ఆఫీసు స్టాంప్ ప్యాడు ఉంది. వాడు గూటిలోంచి పిట్టను తెచ్చేలోగా రబ్బరు స్టాంపును ప్యాడు మీద అద్ది, వాడు తేగానే రెక్క లోపల ముద్ర వేసేశాను. ముదురు ఊదా, సంధ్యవేళ నల్లగానే కనిపించింది. ఒక్కరోజుకే కదా అనుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎక్కడినుంచి వచ్చిందో మబ్బు వచ్చి గట్టి జల్లు పడింది. మిగతా వాళ్ళవి ఒక్కొక్కటే దిగాయి. వాడి పిట్ట ఒక్కటే పొద్దుగూకేదాకా పైన ఉంది. దిగాక వీధి వీధంతా ఈలలు వేసింది. వాడు పిట్టను రెండు చేతులా పట్టుకుని, రెక్క విప్పి అందరి ముందూ చూపించాడు. రెక్క తెల్లగా ఉంది.

ఈలలు ఆగిపోయాయి. తక్కిన పిట్టలన్నీ అదే వానలో తడిశాయి, వాటి ముద్రలు నిక్షేపంగా ఉన్నాయి. “మార్చేశాడ్రా” అని ఎవరో అన్నారు. వాడు నా వంక చూశాడు. “ఒరేయ్, నువ్వే కదరా వేసింది! చెప్పరా వీళ్ళకి!” అన్నాడు. “వేశాను” అన్నాను. అంతవరకే అన్నాను.

మేస్త్రీగారు పిట్టను తీసుకున్నారు. ఈకల్ని ఊది విడదీసి, బొటనవేలు తడిచేసి రుద్ది, వేలు వెలుగులో చూసుకున్నారు. తర్వాత నా చొక్కా జేబు వంక చూశారు. నా జేబుకి ఎప్పుడూ ఊదా మరక ఉంటుంది. నన్ను ఆ ఇంటి వెనక్కి తీసుకెళ్ళారు.

“ఏం జరిగిందయ్యా?”

“ముందు మాటివ్వండి మేస్త్రీగారూ. ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెబుతాను.”

ఆయనకి నిజం కావాలి. గోడ మీద రాయాలంటే ముందు తెలియాలి కదా. “సరే, ఇచ్చాను. చెప్పు” అన్నారు. చెప్పాను. విని తన బొటనవేలు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు. “తొందరపడి మాటిచ్చాను” అన్నారు చివరికి. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు.

మర్నాటి మీటింగుకి పొన్నూరు నుంచి కూడా సభ్యులు వచ్చారు. మేస్త్రీగారు నిలబడి, “పిట్ట మారలేదు. వదిలిన పిట్టే దిగింది. ముద్ర విషయంలో పొరపాటు కమిటీది” అన్నారు.

“కమిటీ అంటే ఎవరండీ?” అన్నాడు నా స్నేహితుడు.

“అది చెప్పలేను.”

“చెప్పలేరా? చెప్పరా?”

“చెప్పనయ్యా.”

పొన్నూరు బియ్యం వ్యాపారి ఒకాయన మర్యాదగానే అందుకున్నాడు. “సీసా అడుగుకొచ్చేసరికి రంగు పల్చబడిందేమోనండీ. పెద్దవారయ్యారు. కాచడంలో ఎక్కడో తేడా వచ్చుంటుంది.” మేస్త్రీగారు అవుననలేదు, కాదనలేదు. కాదంటే ఆ తర్వాతి ప్రశ్న నా మీదికి వస్తుంది. ఆయన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. నేను పక్కనే కూర్చుని మీటింగు వివరాలు రాస్తున్నాను. లేచి ఒక్క ముక్క చెప్పాలని కలం కింద పెట్టిన ప్రతిసారీ ఇంకెవరో మాట్లాడటం మొదలుపెట్టేవారు. నిజం చెప్పాలంటే వాళ్ళు మాట్లాడకపోయినా నేను లేచేవాణ్ణి కాదు.

నా స్నేహితుడు లేచాడు. “మీ రంగు దిగదని ఊరంతా చెప్పుకుంటుంటే మేమూ నమ్మామండీ. దిగింది. ఇవాళ మీ అసలు రంగూ బయటపడింది” అనేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ సంఘం గుమ్మం తొక్కలేదు. సగం మంది వాడు పిట్టను మార్చాడనీ, మేస్త్రీగారు జాలిపడి వెనకేసుకొచ్చారనీ అనుకున్నారు. మిగతా సగం ముసలాయన చెయ్యి పోయిందనుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు.

మీటింగు మర్నాటి పొద్దున బల్ల మీద ఆయన “ఏడు” అని నంబరు వేసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశారు. సంవత్సరం చివర బల్ల తుడిచి, కొత్త ఏడాదికి ఒకటి వేయకముందే అన్నిటికంటే పైన మళ్ళీ “ఏడు” అని వేశారు. ఆ తర్వాతి ఏళ్ళూ అంతే. ఎవరైనా అడిగితే, “రాయాల్సినవాళ్ళు రాస్తారు” అనేవారు. అలా వేసిన ప్రతిసారీ మిగిలిన సుద్దముక్క నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయేవారు. అడగరు, తొందరపెట్టరు. నేను కాసేపు నిలబడి దాన్ని డబ్బాలో పడేసేవాణ్ణి. ఆఫీసుకి వేరే దారి లేదు నాకు. రోజుకి రెండుసార్లు ఆ ఖాళీ వరసను దాటుకుంటూ వెళ్ళాను. మొదటి వారంలో చెప్పుంటే నాలుగు చీవాట్లతో పోయేది. నెల దాటాక ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఏడాది దాటాక ఏ జవాబూ మిగల్లేదు. ఇచ్చిన మాటలో ఆయనా, తీసుకున్న మాటలో నేనూ ఇరుక్కుపోయాం.

శవయాత్ర నాడు నా స్నేహితుడు వీధి మొగదల సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. దహనం అయ్యి ఇంటికి వస్తుంటే సభ్యులు నా భుజం మీద చెయ్యేసి, “ఇక ప్రెసిడెంటువి నువ్వేనయ్యా. ఆయన దగ్గర పెరిగినవాడివి, ఆయనలాగే ఉంటావు” అన్నారు. వచ్చే ఆదివారం మీటింగు కూడా పెట్టేశారు. బల్లకు కొత్తగా నల్లరంగు వేయించి, పక్కన మేస్త్రీగారి ఫొటో పెట్టిద్దామన్నారు. మంచి ఆలోచనే అన్నాను. రంగు వేస్తే ఆ ఏడు పోతుంది కదా అని లోపల ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో రోజు ఆయన పావురాలకు జొన్నలు వేద్దామని ఇంటికి వెళ్ళాను. అమ్మగారు, అంటే ఆయన భార్య, డబ్బా పట్టుకుని డాబా మీదే ఉన్నారు. జొన్నలు చల్లి, చేతులు దులుపుకుని, “నాయనా, నిన్నొకటి అడుగుతాను. నిజం చెబుతావా?” అన్నారు.

“అడగండమ్మగారూ.”

“ఆ ఏడాది ఆయనకి చేతులు వణుకుతున్నాయని సిరా నేనే కాచాను. మేకులు తక్కువ వేశానో, పొయ్యి మీంచి ముందే దించేశానో మరి. ఎన్నిసార్లు అడిగినా నీ తప్పు కాదే అనేవారు. మరి ఎవరిదండీ అంటే చెప్పరు. నేను బాధపడతానని అలా అంటున్నారనుకున్నాను. ఆయన పేరు నావల్లే పోయిందా నాయనా?”

“మీ సిరా దిగలేదమ్మగారూ. అసలు మీ సిరా నేను వేయలేదు” అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు. ఏడవలేదు, శపించలేదు.

“ఈపాటి మాటకా నాయనా, నాలుగేళ్ళు?” అన్నారు.

మర్నాడు పొద్దున్నే, రంగు వేసేవాళ్ళు రాకముందే వెళ్ళి రాశాను. “ఏడు. ఆఖరి ఇంట్లో నేను సంఘం సిరా వాడలేదు. సీసా ఒలకబోసి, ఆఫీసు స్టాంప్ ప్యాడుతో ముద్ర వేశాను. పిట్ట మారలేదు. మేస్త్రీగారి రంగు దిగలేదు.” కింద నా పేరు, కార్యదర్శి పదవి వదులుకుంటున్నానన్న మాట. మాట ఇచ్చినాయన లేని రోజున నిజం రాయడంలో గొప్పేమీ లేదని నాకు తెలుసు.

గంటలో ఫొటో గ్రూపులోకి ఎక్కింది. మగ్గాల వాళ్ళూ, ఆటోల వాళ్ళూ ఆగి చదివారు. కొందరు నన్ను తిట్టారు, ఎక్కువ మంది నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు. నేను అరుగు మీదే కూర్చున్నాను. పది గంటల వేళ వేటపాలెం నుంచి సైకిలు వచ్చింది. నా స్నేహితుడు దిగి, స్టాండు వేసి, బల్ల ముందు నిలబడి మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

“ఆయన్ని నలుగురిలో ఏమన్నానో గుర్తుందా రా నీకు?” అన్నాడు.

గుర్తుందని తల ఊపాను. వాడు డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని నా వరస కింద “ఎనిమిది” అని వేశాడు. చెయ్యి బల్లకు ఆనించి అలాగే నిలబడ్డాడు. తర్వాత సుద్దముక్కను డబ్బాలో పెట్టేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. రంగు వేసేవాళ్ళను వెనక్కి పంపేశాం. ఎనిమిది పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.