ఈగ కుడి నడిమి కాలు

కంటి ఈగను మీరు చూడలేదని చెప్పకండి. చూశారు, తోలేశారు. పెయ్యదూడ కళ్ళ చుట్టూ, చీము పట్టిన పుండు చుట్టూ, నిద్రపోయే చంటిబిడ్డ రెప్పల మీదా ముసిరే ఆ నల్లటి నలుసే అది. ఆవగింజంత ఉంటుంది. కుట్టదు, కంటి నీరు తాగి బతుకుతుంది. ఒకరి కంటి జబ్బును ఇంకొకరి కంటికి మోసుకుపోతుంది. మా వైపు దాని గురించి ఇంతకు మించి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. నాకు కలిగింది. దానివల్ల నాకు ఒరిగిందేమిటో చెబుతాను.

తొంభైల మొదట్లో మదనపల్లెలో జంతుశాస్త్రం డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రతి విద్యార్థీ చుట్టుపక్కల దొరికే పురుగునొకదాన్ని పట్టి, మైక్రోస్కోపు కింద చూసి, బొమ్మ గీసి, వర్ణన రాసి రికార్డులో పెట్టాలి. అది నియమం. జరిగేది వేరు. పై ఏడాది వాళ్ళ రికార్డు అడిగి తెచ్చుకుని, పల్చటి కాగితం పరిచి బొమ్మ దించేవాళ్ళు. ఆ పైవాళ్ళూ అంతకు ముందు వాళ్ళ దగ్గర అలాగే దించారు. మా కాలేజీలో ఎన్నేళ్ళుగా ఒకే బొద్దింక నడుస్తూ ఉందో దేవుడికే తెలియాలి. నా పక్క బల్ల పిల్ల బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కేది. ఆమె రికార్డులో మాత్రం అది మీసాలతో సహా అచ్చు గుద్దినట్టు ఉండేది.

నాకు ఆ పని రోత. కీటకశాస్త్రం ప్రత్యేకంగా చెప్పే ఎమ్మెస్సీలో చేరాలని నా కోరిక. దానికి ఫస్టు క్లాసు రావాలి. అందుకే పుంగనూరు బస్సెక్కి మేనత్త ఇంటికి వెళ్ళాను. వాళ్ళ పశువుల కొట్టంలో దూలానికి పాత ఇనుప తీగ ఒకటి వేలాడేది. పొద్దు గూకే వేళకు కంటి ఈగలన్నీ వచ్చి ఆ తీగను పట్టుకుని నిద్రపోయేవి. తీగ వేలంత లావుగా, నల్లగా కనిపించేది. అత్త దినమూ గుప్పెడు గడ్డి అంటించి కింద నుంచి పైకి ఒకసారి చూపించేది, చిటచిటమని రాలేవి.

"ఈ పొద్దుకు మంట పెట్టొద్దత్తా, నాకు ఈగలు కావల్ల" అన్నాను.

"ఈగలకోసరం బస్సు చార్జీ పెట్టుకోని వచ్చినావా? మదనపల్లెలో లేవా?"

"ఇంత దండిగా యాడా లేవులే."

"అదొకటి నిజం. మాకు ఇంకేది తక్కువైనా ఈగలు మాత్రం తక్కువ లేవు. పట్టుకో తల్లీ, మోయలేకపోతే పిలువు, వస్తాను."

పట్టినవాటిలో చాలామటుకు వేళ్ళ మధ్యే నలిగిపోయాయి. సవ్యంగా మిగిలింది ఒకటే. మూడుమూలల అట్టముక్క కొసకు జిగురు రాసి దాన్ని అతికించేటప్పుడు కుడి నడిమి కాలు విరిగి ఎక్కడో పడిపోయింది. నేల మీద ఎంత వెతికినా దొరకలేదు.

మూడు దినాలు దాన్నే చూశాను. ఒళ్ళంతా నూనె పూసినట్టు మెరిసే నలుపు. నుదుటి మీద నున్నటి త్రికోణం, అద్దం ముక్క పొదిగినట్టు. మీసం కొస గుండ్రం, దాని నుంచి ఒకే ఒక సన్నటి వెంట్రుక. రెక్కలు తేట నీళ్ళలా ఉంటాయి. అట్టను వెలుతురుకు కొంచెం తిప్పితే ఊదా, ఇంకొంచెం తిప్పితే పచ్చన. రెక్కల వెనక డోలు పుల్లల్లాంటి పాలిపోయిన బుడిపెలు రెండు. కాళ్ళు నలుపే, పాదాలకు మాత్రం మురికి పసుపు. ఇదంతా గీశాను. అయిదు కాళ్ళు వేశాను, ఆరోదాని చోట విరిగిన మొదలు చూపించాను. కింద రాశాను: కుడి నడిమి కాలు అతికించేటప్పుడు విరిగిపోయింది.

రికార్డు దిద్దే లెక్చరర్ పెన్ను అక్కడ ఆగింది.

"ఈగకు ఎన్ని కాళ్ళుమ్మా?"

"ఆరు సార్."

"నువ్వెన్ని వేసినావు?"

"అయిదు సార్. ఈ ఈగకు ఉండేది అయిదే."

"పోయి పోయి కుంటి ఈగను పట్టినావా? ఇంకోటి ఏసెయ్, సరిపోతాది."

"సూడని కాలు యాల వెయ్యాల సార్? కనిపించిందే గీయమని మొదటి దినం మీరే చెప్పినారు కదా."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. రెండు మార్కులు కోశాడు. బొద్దింక పిల్లకు పూర్తిగా వేశాడు. పుంగనూరు మళ్ళీ వెళ్ళి ఇంకో ఈగను తెచ్చుకుని ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఉండవచ్చు. మొండిదాన్ని, తేలేదు. ఫలితాలు వచ్చినప్పుడు ఫస్టు క్లాసు సరిగ్గా ఆ రెండు మార్కులకే తప్పింది. కీటకాల సీటు పోయింది. ఇంకోచోట, ఇంకో ఏడాది, దొరికిన ఎమ్మెస్సీలో చేరి చేపలు చదివాను. చేపల మీద నాకు ఏ కోపమూ లేదు, ప్రేమా లేదు. పుంగనూరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో వాటి గురించి పాఠాలు చెబుతూ ఉండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడాది ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను కుప్పం పంపారు. రికార్డులు తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది. కంటి ఈగ. నుదుటి త్రికోణం నాది. డోలు పుల్లలు నావి. కాళ్ళు అయిదు. నా జూనియర్లెవరో ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వస్తూ నా బొమ్మను వెంట తెచ్చి ఉండాలి. దించుకుంటూ దించుకుంటూ ఆ విరిగిన మొదలు నున్నగా మాసిపోయింది. కింద నేను రాసిన మాట ఎప్పుడో రాలిపోయింది. పుట్టుకతోనే అయిదు కాళ్ళ ఈగ అయింది.

రికార్డు తాలూకు పిల్లను పిలిచాను.

"ఈ ఈగను నువ్వు సూసినావా?"

"లేదు మేడం" అంది, కంటి ముందు తిరుగుతున్న దాన్ని చేత్తో తోలుకుంటూ.

"ఇప్పుడు తోలినావే, అదే ఇది. కాళ్ళు లెక్కబెట్టు."

పేజీ మీద వేలు పెట్టి లెక్కబెట్టింది. మళ్ళీ లెక్కబెట్టింది. "బొమ్మలో అట్లే ఉండాది మేడం. ఆరోది ఏసేస్తాను, మార్కులు కొయ్యొద్దండి."

కాలేజీ తరఫు పరీక్షకుడు అవతలి బల్ల నుంచి తొందర పెట్టాడు. "సంతకం పెట్టేయండి మేడం. పుంగనూరు బస్సు పోతాది, మళ్ళీ నన్నే తిడతారు."

నా పెన్ను తీసి బొమ్మ కింద రాశాను: కుడి నడిమి కాలు అతికించేటప్పుడు విరిగిపోయింది.

పిల్ల వంగి చదువుకుంది. "ఎవరు విరగ్గొట్టినారు మేడం?"

"నేనే."

ఆమెకు అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. పూర్తి మార్కులు వేసి సంతకం పెట్టాను. పెద్దమనసుతో వేశానని ఎవరూ అనుకోవద్దు. కోస్తే ఆ రెండు మార్కులూ నాకు తిరిగి రావు గనక వేశాను.