పండగకు ముందటి మామిడి ముక్క

నా చిన్నప్పుడు నాన్నకు హిందీ మాట్లాడే బచేలిలో రైల్వే ఉద్యోగం. మేం శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాళ్లం. మూడో తరగతిలో మా టీచరు ఒక పద్ధతి పెట్టారు. ఆమెను అందరం బెహన్‌జీ అనేవాళ్లం. ఉదయం ప్రార్థన అయ్యాక, ముందురోజు చేసిన మంచి పని ఒకటి చెప్పాలి. చెప్పినవాళ్ల పేరు నల్లబల్ల మీద రాసేవారు. నా పేరు రోజూ ఉండాలని నాకు ఆశ.

ఆ ఏడాది తెలుగు సరిహద్దున ఉన్న కోంట వైపు నుంచి ఒక దోర్ల గిరిజన కుటుంబం వచ్చి ఊరి చివర గుడిసె వేసుకుంది. వాళ్ల అమ్మాయి మా తరగతిలో చేరింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక మధ్యాహ్నం ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్క ఆమె చేతిలో పెట్టాను, నల్లబల్ల మీద పేరు కోసమే. ఆమె గుప్పిట మూసింది, తినలేదు. కాసేపటికి బడి వెనక మట్టి తవ్వి దాన్ని పూడ్చిపెడుతుంటే చూశాను.

నాకు కోపం కంటే ముందు అనుమానం వచ్చింది. పక్క క్వార్టర్ అక్కతో చెప్పాను.

"తినకపోతే పారేస్తాది గానీ పూడ్చిపెట్టడమేటి?" అంది అక్క. "దాని పక్కన కూకోకండర్రా."

సాయంత్రానికి ఆ మాట చేతబడి అయింది. మర్నాడు బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుంది. ఆ తర్వాత మూడు రోజులు బడికి రాలేదు.

సంగతి తెలిసినా బెహన్‌జీ నన్ను తిట్టలేదు. బడి వదిలాక ఆ గుడిసెకు వెంటబెట్టుకుని వెళ్లారు. తనకు తెలుగు రాదని, అడగాల్సింది నేనేనని అన్నారు.

ఆ పిల్ల నానమ్మ ఇప్పపూలు ఆరబోస్తోంది. నేను అడిగితే తలెత్తకుండానే చెప్పింది.

"మామిడి పండగ ఇంక కాలే బిడ్డా. పెద్దలకు పెట్టకముందు మేం ముట్టం. నువ్వు ఇస్తివని వద్దనలే. పారేస్తే నీ మనసు నొచ్చుతదని పూడ్చింది. దానికి ఏంది, మంత్రాలు అంటగడితిరా? ఇంక బడికి పంప."

"ఆ మాట నావల్లే పుట్టింది అవ్వా," అన్నాను. లోపలి నుంచి ఆ అమ్మాయి నన్ను చూస్తోంది. ఆ చూపులో నమ్మకం లేదు.

మర్నాడు నా వంతు వచ్చినప్పుడు, నేను చేసిన చెడ్డపని అందరి ముందూ చెప్పాను. మరో నాలుగు రోజులకు ఆమె బడికి వచ్చింది. ఆ తరగతి అయ్యేదాకా నా పక్కన మాత్రం కూర్చోలేదు.

పోయిన నెల బెహన్‌జీ చనిపోయారు. పరామర్శకు ఫోన్ చేసినప్పుడు, తన అమ్మకు తెలుగు బాగా వచ్చునని వాళ్లమ్మాయి చెప్పింది. ఆ రోజు బెహన్‌జీ తెలుగు రాదని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది, నేనే నోరు తెరిచి అడగాలని. కొత్తవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు మొదట అనుమానమే వస్తుంది. దాన్ని ఇంకొకరి చెవిన వేయను. వెళ్లి ఆ మనిషినే అడుగుతాను.