సభలో అడుగుదామనుకున్న మాట

మా ఊరి డిగ్రీ కాలేజీ గేటు పక్కన గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. ఎడమ వైపు ‘కాలేజీ వార్తలు’, కుడి వైపు ‘జరగబోయే కార్యక్రమాలు’ అని తెల్లరంగుతో రాసి ఉంటుంది. వాటి కింద ప్రతి సోమవారం చాక్‌పీసుతో రాసేది నేనే. నేను ఆ కాలేజీలో చదవలేదు, అక్కడ నౌకరీ చేయను. గేటుకు ఎదురుగా, బస్సుల కోసం జనం నిలబడే రేకుల షెడ్డును ఆనుకుని నా బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఇదివరకు బల్ల రాసే అటెండరు రిటైరయ్యాక ఆ కొలువులో ఎవరినీ పెట్టలేదు. బల్ల చాలా రోజులు ఖాళీగా ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని దాన్ని చూడలేక, నేను రాస్తానని వెళ్లి అడిగాను.

“మాస్టర్, నీ దుకాణంల సుద్దముక్కలకు ఏం కరువు లేదు. రాయి మరి,” అని లైబ్రేరియన్ మేడం నవ్వింది. దర్జీలను మా దగ్గర మాస్టర్ అంటారు. కాలేజీలో ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

రక్తదాన శిబిరం, పరీక్ష ఫీజుకు చివరి తేదీ, పెద్దపల్లిలో కబడ్డీ ఆడి రెండో స్థానం తెచ్చిన ఆడపిల్లలు, సెలవులకు ముందు బతుకమ్మ ఆట. ఇవీ నేను రాసే సంగతులు. కాలేజీకి వాట్సప్ గ్రూపు ఉంది, అన్నీ ముందే అందులో వస్తాయి. అయినా బస్సు కోసం నిలబడినవాళ్లకు నా బల్లే దిక్కు. మెట్‌పల్లి బస్సు ఆలస్యమైన రోజున నాకు చదివేవాళ్లు ఎక్కువ.

ఈ పని నేను ఊరికే చేయలేదు. ఆ కాలేజీ గ్రంథాలయానికి నేను బాకీ ఉన్నాను, తీర్చడానికి ఇంతకన్నా దారి దొరకలేదు. మాది ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. బడికి పోయింది కొద్ది రోజులే. తెలుగు అక్షరాలను దుకాణాల బోర్డుల మీద ఒక్కొక్కటిగా గుర్తుపట్టాను. వాటిని కలిపి చదవడం మాత్రం ఆ గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. ఎప్పుడో ఒక మంచి ప్రిన్సిపాల్, బయటివాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి కూర్చుని చదువుకోవచ్చని చెప్పి వెళ్లాడు. ఆయన బదిలీ అయ్యాడు, మాట మిగిలింది. నేను, రాత్రి షిఫ్టు దిగి వచ్చే ఒక మరనేత కార్మికుడు, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కొందరు పిల్లలు అలా వచ్చి కూర్చునేవాళ్లం.

నా చోటు పడమటి కిటికీ కింద. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా చదువుకునే బల్ల మీద పడేది. దర్జీకి వెలుతురు విలువ తెలుసు. సన్నటి అక్షరాలు కూడా అక్కడ కళ్లకు బరువనిపించేవి కావు. ఇనుము దొరకకముందే మనిషి ఎముకతో సూది చేసుకున్నాడని అక్కడే చదివాను. ఆ రోజంతా నా చేతిలో సూదిని కొత్తగా చూసుకున్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే, “మంచిదే. ఆ జాకెట్ చేతులు రేపటికన్నా కుడతావా?” అంది. పక్కింటివాళ్లు పాపకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోతూ నన్నూ రమ్మంటే, బండిలో గోదావరి పుట్టుక చెబుతూ పోయాను. పడమటి కొండల్లో పుట్టి, మరాఠీ నేలంతా తిరిగి మన దగ్గరికి వస్తుందని చెప్పాను. దిగాక ఆ పాప నీళ్లను చూసి, “గంత దూరం నడిచి అచ్చిందా?” అని అడిగింది. చదివినవాటిలో ఆ పాపకు పనికొచ్చింది ఉందని నాకు సంబరం.

కిందటి వానాకాలంలో ఒకరోజు మేడం దుకాణానికి వచ్చింది. కుట్టడానికి బట్ట ఏమీ తేలేదు.

“మాస్టర్, జర మిషిన్ ఆపు.”

ఆపాను.

“లైబ్రరీ రూముల కంప్యూటర్ సెంటర్ పెడుతున్నరు. పైనుంచి ఆర్డర్ వచ్చిందట.”

“పుస్తకాలు ఏడ పెడతరు మేడం?”

“ఎనుక స్టోర్ రూముల. బీరువాలు ఒకదాని ఎంబడి ఒకటి. మా పిల్లలు అడిగితే తీసి ఇస్తా.”

“మరి కూసునుడు?”

“కూసునే జాగ లేదు. బయటోళ్లకైతే రానే రాదు,” అంది. తర్వాత నా మొహం చూసి, “గిప్పుడే ఫికర్ చెయ్యకు. ఒక తొవ్వ ఉన్నది,” అంది.

ఆమె చెప్పిన దారి ఇది. కాలేజీ పై అంతస్తులో ఒక గది గోడల దాకా లేచి ఆగిపోయి ఉంది. దాన్ని పూర్తి చేయిస్తే కంప్యూటర్లు అక్కడికి పోతాయి, గ్రంథాలయం ఉన్నచోటే ఉంటుంది. దానికి మా ఎమ్మెల్యే ఒక్క మాట అంటే చాలు. ప్రిన్సిపాల్ సారు కూడా అదే అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ ఆ గది పోవడం ఇష్టం లేదు.

అయితే ఆ మాటను ఎక్కడ అడగాలన్నదానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంటికి వెళ్లి అడిగితే చూద్దాం అంటారు. అదే సభ పెట్టి, శాలువా కప్పి, మైకు ముందు అడిగితే, జనం చప్పట్లు కొడుతుండగా మంజూరు చేస్తున్నా అంటారు. మరునాడు పేపర్లో వస్తుంది, ఇక వెనక్కి తీసుకోలేరు. రోడ్డయినా బోరింగయినా మాకు అలాగే వచ్చాయి. అందుకే గ్రంథాలయ దినోత్సవం పేరుతో ఒక సభ పెట్టాలనుకున్నారు. బయటి పాఠకుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఆ రోజు నుంచి మిషను తొక్కుతూ అదే మాటను నోట్లో తిప్పుకున్నాను. ‘ఈ కిటికీ కింద నాకు చదువు వచ్చింది. దీన్ని ఇట్లనే ఉంచండి.’ అంతకన్నా పొడుగు వద్దనుకున్నాను.

సభకు ముందు పోస్టర్ ఆవిష్కరణ ఉంటుంది. మా జిల్లాల్లో అది లేకుండా ఏదీ జరగదు. ఫలానా తేదీన సభ ఉందని పోస్టర్ అచ్చు వేస్తారు. పెద్దమనుషులు వరుసగా నిలబడి దాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుంటారు, ఫోటో తీస్తారు, జిల్లా పేజీలో వేస్తారు. మా పోస్టర్ కరీంనగర్‌లో అచ్చయి వచ్చింది. చూస్తే మండల నాయకుడి ఫోటో మిగతావాళ్ల కన్నా చిన్నగా ఉంది. ఆయన మనుషులు కాలేజీకి వచ్చి అలిగి పోయారు. మళ్లీ అచ్చు వేయించారు. ఈ రెండో పోస్టర్‌లో ఎవరి మొహం ఎంతుందో నేనే టేపు పెట్టి చూశాను. మేడం నవ్వింది గానీ, కొలవమన్నది ఆమే.

బల్ల మీద కుడి వైపు రాశాను: ‘వచ్చే శనివారం గ్రంథాలయ దినోత్సవ సభ. ముఖ్య అతిథి గౌరవ శాసనసభ్యులు. అందరూ రావచ్చు.’ ‘అందరూ’ అన్న మాటను కొంచెం లావుగా రాశాను.

పోస్టర్‌ను ఎమ్మెల్యే ఇంటి దగ్గరే ఆవిష్కరించాలని అనుకున్నాం. కానీ ఒకరోజు మధ్యాహ్నం ఆయన దగ్గర పనిచేసే యువకుడు ఫోన్ చేశాడు. “అన్న మీ తొవ్వనే పెండ్లికి పోతుండు. పోస్టర్లు పట్కోని తయారుండున్రి. మస్తు టైం లేదు,” అన్నాడు. ప్రిన్సిపాల్ సారు పరేషాన్ అయ్యాడు. ఆఫీసు గది ఇరుకని గ్రంథాలయం తెరిపించాడు. బల్లలు గోడకు జరిపాం. నేను టేపు మెడలో ఉండగానే పరుగెత్తి వచ్చాను.

ఎమ్మెల్యే వచ్చాడు. నేరుగా ఆ గదిలోకే వచ్చాడు. చుట్టూ చూసి, పడమటి కిటికీ దగ్గర ఆగి, “మంచిగున్నది రూము. ఎలుతురు మంచిగ వస్తుంది,” అన్నాడు.

అడగవలసిన మనిషి, అడగవలసిన గదిలో, నా కుర్చీ పక్కనే నిలబడ్డాడు. “సార్, గీ రూమే సార్...” అని మొదలుపెట్టాను. ప్రిన్సిపాల్ సారు నా మోచేయి పట్టుకున్నాడు.

“సభల మాస్టర్, సభల,” అని చెవిలో అన్నాడు. “గిప్పుడు అడిగితే చూద్దాం అంటడు. ఒకసారి చూద్దాం అన్నంక మల్ల మైకుల అడిగితే ఏం బాగుంటది?”

మేడం వైపు చూశాను. ఆమె కూడా వద్దన్నట్టు తల ఊపింది. వాళ్ల మాటలో తప్పు లేదు. మాకు తెలిసిన పద్ధతి అదే. ఫోటో తీసేవాడు, “మాస్టర్, మెడల టేపు తియ్యి, లేకుంటే పక్కకు జరుగు,” అన్నాడు. నేను టేపు తీసి చుట్టుకునే లోపల ఫోటో అయిపోయింది. ఆయన కారు దాకా నడిచేటప్పుడు వెంట పోయి, “సార్, ఒక్క మాట,” అన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన, వెచ్చటి చెయ్యి. “సభల మాట్లాడుకుందాం భాయ్,” అని కారెక్కాడు.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. ‘గ్రంథాలయ దినోత్సవంలో శాసనసభ్యులు’ అని పైన పెద్ద అక్షరాలు. కింద సన్నగా పోస్టర్ ఆవిష్కరణ సంగతి. వెనక కిటికీ కూడా పడింది. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చూపించాను. బల్ల మీద ఎడమ వైపు అది కూడా రాశాను.

సభ జరిగే వారం వచ్చింది. మేడం నా దుకాణంలోనే కూర్చుని ఆ యువకుడికి ఫోన్ చేసింది, నాకూ వినపడాలని స్పీకర్ పెట్టింది.

“మేడం, అన్న మొన్ననే వచ్చిండు గద మీ కాలేజీకి.”

“గది పోస్టర్ కోసం తమ్మీ. సభకు రావాలె గద.”

“పేపర్ల గ్రంథాలయ దినోత్సవం అనే వచ్చింది. ఇంకేం సభ మేడం? ఒక్క కాలేజీకే రెండుమార్లు పోతే మిగతోళ్లు అన్నను నిలవనిస్తరా?”

“ఒక చిన్న పని అడిగేదుండె తమ్మీ.”

“మొన్న అడుగకపోయిన్రా మరి. రూములనే ఉండె గద.”

మేడం నా కత్తెర చేతిలోకి తీసుకుంది. అవతల నుంచి, “సరే, చూద్దాం,” అని వినపడింది. ఫోన్ ఆగాక ఆమె చాలాసేపు దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంది. ఏం చేద్దామని నేను అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాలి కదా.

శనివారానికి ముందే లారీలో కంప్యూటర్ బల్లలు దిగాయి. ముఖ్య అతిథి లేని సభ దండగ అని ప్రిన్సిపాల్ సారు అన్నాడు. ‘వాయిదా’ అని రాయమన్నారు, రాశాను. ఎప్పటికని బస్సు దగ్గర ఎవరో అడిగారు. తేదీ చెప్పలేదన్నాను.

అయినా శనివారం మధ్యాహ్నం మరనేత కార్మికుడు వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి పడుకోలేదు. స్నానం చేసి, నూనె రాసి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బల్ల మీది మాట చదవకుండా నేరుగా లోపలికి వెళ్లి, ఖాళీ అవుతున్న గదిని చూసి నా దగ్గరికి వచ్చాడు. జరిగింది చెప్పాను.

“గాయన గీ రూములకే అచ్చిండు గద?” అన్నాడు.

“అచ్చిండు.”

“మరి ఎవ్వలు అడుగలే?”

“సభల అడుగుదామనుకున్నం.”

అతను నా దుకాణం తలుపుకు అంటించిన పోస్టర్ వైపు చూశాడు. అందులో ఆ రోజు తేదీయే ఉంది. “పోయి పండుకుంటా,” అని వెళ్లిపోయాడు. తర్వాత అతను కాలేజీ వైపు రావడం నేను చూడలేదు.

పుస్తకాలు స్టోర్ రూముకు పోయాయి. నేనూ మోశాను. ఎముక సూది సంగతి ఉన్న పుస్తకం ఏ బీరువాలో, ఏ వరుసలో ఉందో గుర్తుపెట్టుకున్నాను. ఆ బీరువాకు అడ్డంగా ఇంకో బీరువా పెట్టారు. దాని తలుపు ఇప్పుడు తెరుచుకోదు.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ సారు దుకాణానికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి అన్నాడు: “మాస్టర్, మధ్యాహ్నం ఎండ కంప్యూటర్ల మీద పడుతుందట, ఏం కనవడుత లేదట. పడమటి కిటికీకి పరదాలు కుట్టాలె. ఎలుతురు రాని మందం బట్ట.” ఆ గది గురించి నన్ను అడుగుతున్నందుకు ఆయనకు కష్టంగానే ఉందని తెలుస్తూనే ఉంది. కాదంటే ఊళ్లో ఇంకో దర్జీ కుడతాడు. అందుకే సరేనన్నాను.

కొలతకు వెళ్లాను. కుర్చీ ఎక్కి టేపు పట్టుకుంటే మేడం కింద అంచు పట్టుకుంది. “జర తక్కువ కుట్టరాదు మాస్టర్? కింద నుంచి కొంచెం ఎలుతురన్న వస్తది,” అంది.

“తక్కువ కుడితే ఎవరు చదువుతరు మేడం గీడ?”

ఆమె టేపు వదిలేసింది.

బట్ట ఇంటికి తెచ్చి కుట్టాను. మనసు పెట్టకుండా కుడదామని కూర్చున్నాను గానీ, పాడుగా కుట్టడం నాకు చేతకాదు. అంచులు మడిచి, రెండు వరుసలు కుట్టు వేశాను. తగిలించి లాగితే నిండుగా, ముడత లేకుండా దిగాయి. కంప్యూటర్లు బిగించే పిల్లవాడు స్క్రీన్ చూసి, “గిప్పుడు మంచిగ కనవడుతుంది మాస్టర్,” అన్నాడు. నేను తలుపు ఎటుందో తడుముకుంటూ బయటికి వచ్చాను. గేటు దగ్గర బల్ల తుడిచి, కుడి వైపు కొత్తది రాయాలి. కంప్యూటర్ సెంటర్ ప్రారంభం. ముఖ్య అతిథి ఎమ్మెల్యేనే. దానికి ముందు బుధవారం పోస్టర్ ఆవిష్కరణ.