వెనక తలుపు పిన్ని

వంతెనకు ఇవతలే బస్సు ఆగిపోయింది. ముందు అద్దానికి పొగమంచు తెల్లదుప్పటి కప్పినట్టు అంటుకుపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసి, "నా చెయ్యి నాకే కనబడటం లేదు. కూర్చుంటారో దిగి నడుస్తారో మీ ఇష్టం" అని టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. నాకు తొందరేమీ లేదు. ఫలానా చోటికి చేరి తీరాలన్న పని లేనివాడికి నడిచే బస్సయినా ఆగిన బస్సయినా ఒకటే. తొందరంతా నా పక్క సీటులో ఉన్నావిడది. ఒళ్ళో పెద్ద బుట్ట. నిద్రపోతున్న పసిపిల్లను మోసినట్టు రెండు చేతులూ చుట్టి పట్టుకుంది. కాళ్ళ దగ్గర గుడ్డసంచీ.

"అన్నయ్యగారూ, వంతెన అవతలికి నడిచిపోవచ్చా?"

"పోవచ్చమ్మా. వంతెన ఎక్కడికీ పోలేదు, కనబడటం లేదంతే."

"అయితే ఈ సంచీ కాస్త పట్టుకుంటారా? సీసాలున్నాయి. ఊపకూడదు."

అలా దిగాం. పొగమంచులో నడక ఒక విచిత్రం. ముందూ లేదు, వెనకా లేదు, మనమున్న నాలుగడుగుల నేలే లోకం. పాతకాలపు బాటసారులు రాసుకున్న పుస్తకాలు చాలా చదివాను. కొండలెక్కారు, సముద్రాలు దాటారు, రాజుల విందుల్లో ఏం తిన్నారో పేజీలకు పేజీలు రాశారు. ఆ విందు వండిందెవరో ఒక్కడైనా రాసినట్టు నాకు గుర్తు లేదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, నా పక్కన నడుస్తున్నది సరిగ్గా వాళ్ళెవరూ రాయని ఆ మనిషి.

"ఏం సీసాలమ్మా?" అన్నాను.

"ఎర్ర వైను ఒకటి, ఆపిల్ రసం ఒకటి. నేను తాగన్లెండి."

"నేనడగలేదే."

"అందరూ అడుగుతారు. అందుకే ముందే చెప్పేస్తాను."

ఆవిడ పని సెలవురోజుల్లో పొద్దున పూట. అటు టిఫినూ కాని ఇటు భోజనమూ కాని ఒక పూట ఉందే, ఆలస్యంగా నిద్రలేచేవాళ్ళ సౌకర్యం కోసం పుట్టింది, దాన్ని బ్రంచ్ అంటారు. కలిగినవాళ్ళ ఇళ్ళలో స్నేహితులను ఆ పూటకు పిలుచుకుంటారు. పిలిచాక ఇంటావిడ తన చేత్తో వండినట్టుండాలి. హోటలు నుంచి తెప్పిస్తే చిన్నతనం, వంటమనిషి కనబడితే గొప్పలకు పోయినట్టు. అందుకని ఇంకా వెలుగు రాకముందే ఈవిడ వెనక తలుపున వస్తుంది. అతిథుల మొదటి బెల్లు మోగేసరికి అదే తలుపున వెళ్ళిపోతుంది. కాలనీల్లో ఆవిడను వెనక తలుపు పిన్ని అంటారట. ఆ పేరు ఆవిడే నవ్వుతూ చెప్పింది.

"వండటం పెద్ద విద్యేం కాదండీ. గుడ్లు, పాలు, పిండి, రొట్టె, ఇంతేగా. ఇంట్లో వండినట్టు కనబడేలా వండటమే కష్టం."

"అదేమిటి, ఇంట్లోనేగా వండుతున్నావు?"

"వండేది నేను కదా. చెయ్యి తిరిగినదాని వంట ఇట్టే తెలిసిపోతుంది, అన్నీ ఒకే సైజులో వస్తాయి. అందుకని కాస్త చెడగొట్టాలి. టమాటా ముక్కలమీద గుడ్లు కొట్టి ఓవెన్లో పెడతానా, ఒకదాంట్లో పచ్చసొన చిదుపుతాను. మంచి పింగాణీ వద్దని, అంచు విరిగిన పాత గిన్నె వెతికి మరీ అందులో వడ్డిస్తాను. ఒక పెనం కడక్కుండా సింకులో వదిలేస్తాను. పోయే ముందు ఇంటావిడ చెంపమీద ఇంత పిండి పూస్తాను."

నేను నిలబడిపోయి నవ్వాను.

"నవ్వండి. మొదట్లో వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే చెంప చూపిస్తారు. ఒక్క మాట కూడా నేర్పిస్తాను. ఎలా చేశావని ఎవరైనా అడిగితే, 'ఏముంది, చాలా తేలిక' అనాలి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడితే దొరికిపోతారు."

పానీయాలూ ఆవిడే కలుపుతుంది. ఎండాకాలం జిన్నులో కీరదోస ముక్కలూ, పుదీనా, సోడా. ఆకులు రాలే రోజుల్లో ఆపిల్ రసంలో అల్లం, ఇంత రమ్ము. ఇలా చలి బిగిసి ఊళ్ళో దీపాలు వేలాడదీసే సెలవుల్లో ఎర్ర వైనులో నారింజ తొక్క, దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి వెచ్చబెట్టడం. "వెచ్చబెట్టాలంతే. మరిగించారో, మత్తంతా ఆవిరైపోయి కషాయం మిగులుతుంది. దగ్గుకు పనికొస్తుంది." ఇన్నేళ్ళుగా కలుపుతున్నా ఒక్క గ్లాసు ఎత్తి తాగలేదట. చెంచాతో రుచి చూడటమే.

"మరి ఇవాళ ఎవరింట్లో?" అన్నాను.

ఆవిడ బుట్ట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అదే తెలియటం లేదండీ. మా మేనకోడలు రమ్మంది. వండటానికో తినటానికో."

అప్పుడు చెప్పింది. భర్త పోయిన ఏడే తమ్ముడి భార్య కూడా పోయింది. తమ్ముడి కూతురిని ఈవిడే పెంచింది. సెలవురోజుల్లో ఇంట్లో ఒంటరిగా వదల్లేక, పనికి వెంటబెట్టుకుని పోయేది. పిల్ల వెనక మెట్ల మీద కూర్చునేది, లోపలికి రాకూడదు. అతిథుల పళ్ళెంలోంచి పిల్లకు తీసి పెడితే దొంగతనం. చెడిపోయింది పెడితే కాదు. అందుకని ప్రతిచోటా ఒక పాన్‌కేకు కావాలని మాడ్చి, వంకరగా పోసి, "ఇది పనికిరాదమ్మగారూ" అని వెనక మెట్లమీద పెట్టేది. తర్వాత తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకుని, కూతురిని తీసుకుని వేరే ఊరు పోయాడు. పిల్ల పోయినా చెయ్యి ఆగలేదు. వంకర పాన్‌కేకు పడుతూనే ఉంది. "అదీ పళ్ళెంలోనే ఉండనీ పిన్నీ, అచ్చం నేను చేసినట్టుంది" అని ఒకావిడ మురిసిపోయిందట. చెడగొట్టే విద్య అక్కడ మొదలైంది.

ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళయింది. కొత్తింట్లోకి మారింది. మొన్న ఫోన్ చేసి, "అత్తా, ఆదివారం మా అత్తగారూ ఆడపడుచులూ వస్తున్నారు. నువ్వు కూడా రా. ఏమీ తేకు, ఊరికే రా" అంది.

"మరింకేం, తినటానికేగా."

"ఏమీ తేకు అంటే? సరుకంతా వాళ్ళే తెచ్చిపెట్టుకున్నారనేమో. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా అచ్చం అలాగే అంటారు, 'పిన్నీ, ఈసారి నువ్వేం తేకు' అని."

"అలాగైతే ఈ సరుకుల బుట్టెందుకు మరి?"

"ఒకవేళ..." అని ఆగింది. "ఉత్తి చేతుల్తో పోవటం చేతకాదండీ. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు."

వంతెన దిగేసరికి మంచు కాస్త పలచబడింది. ఒకేలా ఉన్న ఇళ్ళ వరస బయటపడింది. ఆవిడ కాళ్ళు వాటంతట అవే వెనక సందులోకి తిరిగాయి. చెత్తడబ్బాలూ, ఆరేసి మరిచిపోయిన బట్టలూ, వంటింటి కిటికీల్లోంచి వచ్చే ఆవిరీ. ఏ ఊరికి పోయినా నేను ముందు వెనక సందుల్లోనే తిరుగుతాను. ఇల్లు ముందువైపు అందరికీ ఒకటే ముఖం చూపిస్తుంది, వెనకవైపే నిజం మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం ఆ దారి నాకు నచ్చలేదు.

"అమ్మా, ముందువైపు ఇటు."

"అవునవును." ఆవిడ తిరిగి వచ్చింది. గుమ్మం ముందు మళ్ళీ ఆగింది. బెల్లు వైపు చూసింది. "అన్నయ్యగారూ, మీరు కొట్టరూ. నాకు అలవాటు లేదు. బెల్లు మోగిందంటే నా పని అయిపోయినట్టు."

నేను కొట్టాను.

తలుపు తీసిన అమ్మాయి చెంపమీద పిండి ఉంది. మేనత్త అది చూసి గట్టిగా నవ్వింది. "ఇది నేను పూసింది కాదు సుమా."

"నిజంగా వండుతున్నానత్తా! అయ్యో, బుట్టెందుకు తెచ్చావు? ఏమీ తేవద్దన్నానుగా." అమ్మాయి బుట్టా, నా చేతిలోని సీసాల సంచీ లాక్కుని వంటింట్లో ఓ మూల పెట్టేసింది. తెరిచి కూడా చూడలేదు. నన్ను చూసి, "పెదనాన్నగారూ, మీరూ రండి, ఇంత మంచులో ఎక్కడికి పోతారు" అని ఇంకో కుర్చీ లాగింది. నేనెవరో అడగలేదు.

బల్ల పరిచి ఉంది. వంటింటికీ బల్లకూ మధ్య గోడ లేదు. కిటికీ దగ్గరి కుర్చీ ముందు పళ్ళెంలో అప్పటికే ఒక పాన్‌కేకు పెట్టి ఉంది. ఒకవైపు మాడి, మరోవైపు తోక సాగి, ఏ దేశపు పటమో అన్నట్టుంది.

"అది నీ చోటే అత్తా. కావాలనే మాడ్చాను. ఎంత కష్టమో తెలుసా, మూడుసార్లు పోస్తే మూడూ బాగా వచ్చాయి."

ఆవిడ ఆ పళ్ళేన్ని చాలాసేపు చూసింది. సంగతి తేలిపోయింది, తినటానికే పిలిచింది. అనుమానం తీరిన మనిషి ముఖం విప్పారాలి కదా. అలా జరగలేదు. కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా కూర్చుంది.

"మా అత్తగారికి నీ గురించి అంతా చెప్పాను. నన్ను పెంచింది మా మేనత్తేనని."

"ఏం చెప్పావే? ఏం పని చేస్తాననీ?"

"ఉన్నదే చెప్పాను. వాళ్ళు నవ్వలేదత్తా. నిన్నెప్పుడు చూపిస్తావన్నారు."

పొయ్యిమీద అమ్మాయి ముందే పెట్టిన ఎర్ర వైను కుతకుతలాడటం మొదలైంది. నాకు వినబడింది గాని అర్థం కాలేదు. ఆవిడ ముక్కుపుటాలు కదిలాయి.

"మంట తగ్గించు."

"నువ్వు లేచావంటే ఒట్టు. నేను చూసుకుంటా."

ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అల్లరి చేసినందుకు బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్లలా. అమ్మాయి గరిటెతో గ్లాసు నింపి తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ బల్లమీది చెంచా తీసి అందులో ముంచింది.

"చెంచా ఎందుకత్తా, ఎత్తి తాగు."

"చల్లారనీ." చెంచా చప్పరించి, కళ్ళు మూసుకుంది. "బాగుంది. ఎలా చేశావే?"

"ఏముంది, చాలా తేలిక" అంది మేనకోడలు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ కాసేపు ఆవిడ కుర్చీలో వెనక్కి జారగిలబడింది. ఇక ఫరవాలేదు, కూర్చుంది అనుకున్నాను. నా చలి కూడా అప్పుడే వదిలింది. వేడి వేడి బంగాళాదుంపలు పళ్ళెంలో పడ్డాయి. మనిషికి ఒక కుర్చీ, ఒక పళ్ళెం, 'ఇది నీది' అనే ఒక గొంతు ఉంటే చాలునని ఎన్ని పుస్తకాల్లో చదివాను. రాసినవాళ్ళంతా పుట్టినప్పటినుంచీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళే అయి ఉంటారు.

బెల్లు మోగింది.

"వచ్చేశారు!" అమ్మాయి చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి పరుగెత్తింది. తలుపు చప్పుడూ, నవ్వులూ, చెప్పులు విడుస్తున్న సందడీ. "అబ్బ, ఎంత మంచు వదినా", "ఇల్లంతా ఏమిటే ఈ ఘుమఘుమ."

నేను ఆవిడ వైపు తిరిగాను. అప్పటికే లేచి నిలబడింది. రెండు చేతులూ నడుము వెనక్కి పోయాయి. అక్కడ ముడి కోసం తడుముకుంటున్నాయి. వంటప్పుడు కట్టుకునే ఏప్రను ఆ పూట ఆవిడ కట్టుకోలేదు. లేని ముడిని వేళ్ళు ఒక క్షణం వెతికి, తెల్లబోయి ఆగాయి. ఆవిడకూ తెలిసింది. కుర్చీని చూసింది, గ్లాసును చూసింది. మళ్ళీ కూర్చుంటే అయిపోయేది. కూర్చోలేదు.

పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట తగ్గించింది. తిరిగి వచ్చి, తన పళ్ళెంలోని వంకర పాన్‌కేకు తీసి కాగితం రుమాల్లో మడిచింది. వెనక తలుపు గడియ ఆవిడ చేతికింద చప్పుడు చెయ్యకుండా జరిగింది. ఇన్నేళ్ళ అలవాటు కదా. మూలనున్న బుట్టా సంచీ మూలనే ఉండిపోయాయి.

"అత్తా, ఇటు రా, చూడు ఎవరొచ్చారో" అని ముందు గదిలోంచి మేనకోడలు పిలుస్తోంది.

నేను సగం లేచాను. కిటికీలోంచి సందు కనబడుతోంది. పిలిస్తే వినబడేంత దూరమే. ఏమని పిలవను, ఆవిడ పేరు కూడా అడగలేదు. బల్లమీద గ్లాసులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

ఆవిడ చెత్తడబ్బాలు దాటి, తడిబట్టల కింద తల వంచి, రుమాలు విప్పి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంటూ నడిచిపోయింది.