రాగి తీగ చుట్ట, ఎడమ చెవి

నా ఎడమ చెవి కర్ణభేరిని తెలంగాణ ఉద్యమంలో పగలగొట్టారు. పోలీసులు కాదు. మా సందు మొదట్లో ఆటో పెట్టుకుని, రోజూ నన్ను కాకా అని పిలిచే మనిషే అరచేత్తో కొట్టాడు. ఎందుకు కొట్టాడని అడిగితే, ఉద్యమమన్నాక ఇలాంటివి అవుతుంటాయిలే అన్నారు అందరూ. చెవి నాది గనక అలా అనడం వాళ్ళకు తేలికైంది.

కుడి చెవి నాకు చిన్నప్పటి నుంచే మందం. ఎడమ చెవి ఊరికే వినడానికి ఉన్నది కాదు, దాంతోనే అన్నం తిన్నాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో సర్క్యూట్ బోర్డులు బాగుచేసే మడిగె నాది. నల్గొండ పల్లెలో బడి సగంలోనే ఆగిపోయినవాణ్ణి. మిగతా చదువంతా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు కొన్న చిరుగు పుస్తకాలు చెప్పినదే. బోర్డులో ఎక్కడో షార్ట్ అయిందంటే మీటరు ఉందని చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. అందుకని ఒక సాధనం చేసుకున్నాను. పాత రేడియోలోని నల్లటి ఏరియల్ కడ్డీ ముక్కను సానరాయి మీద మొనదేల్చి, దానికి వెంట్రుకంత రాగి తీగ చుట్టాను. ఆ తీగ కొసలు టేపురికార్డరు ఆంప్లిఫయరులోకి, అక్కడి నుంచి హెడ్‌ఫోనులోకి. చెడిన లైనులోకి కూత పెట్టే కరెంటు కొంచెం పంపి, బోర్డు మీద మొనను జరుపుకుంటూ పోవాలి. కరెంటు పారే చోటల్లా దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది తీగ చుట్టకు తగిలి చెవిలో కూస్తుంది. కూత ఎక్కడ తెగిపోయిందో అక్కడే జబ్బు.

ఆ రోజు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో పొద్దున్నే బస్సుల అద్దాలు పగిలాయి. టైర్లు కాలుస్తున్న పొగ మా సందు దాకా వచ్చి గొంతులో దిగింది. నేనేమీ బంద్‌కు ఎదురు తిరిగినవాణ్ణి కాదు. రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు అందరితో పాటు కూర్చుని తిన్నాను, లాఠీ విరిగేటట్టు వీపు మీద తిన్నదీ నేనే. ఆ రోజు మాత్రం షట్టరు సగం దించి లోపల కూర్చోవాల్సి వచ్చింది. సైదాబాద్‌లో కిరాయికి ఉండే కృష్ణా జిల్లా పెద్దమనిషి, బ్యాంకులో చేసి రిటైరైన సారు, గుడ్డసంచిలో ఒక బోర్డు పెట్టుకుని సందులన్నీ తిరిగి నడిచి వచ్చాడు. భార్యకు ఊపిరితిత్తుల జబ్బు. ఆవిడకు ఆక్సిజన్ ఇచ్చే మిషను ఆగిపోయింది.

"గురువుగారూ, ఇంట్లో ఉన్న సిలిండరు సాయంత్రం దాకానే వస్తుందండీ. ఎలాగైనా చూడండి."

"బంద్ రోజే దొరికినవు సారూ. జర వంగి షట్టర్ కిందికెళ్ళి రా. నడుమేం ఇరగదు తియ్."

భయంలోనూ నవ్వాడు. గోడవారగా స్టూలు వేసుకుని, షట్టరు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను షట్టరుకు వీపు పెట్టి, హెడ్‌ఫోను తగిలించుకుని పనిలో పడ్డాను. మొన జరుగుతోంది, కూత వస్తోంది. ఒక మలుపు దగ్గర సన్నబడింది, మళ్ళీ పెరిగింది. ఒక చిన్న కెపాసిటరు దాటగానే తెగిపోయింది. దొరికిందిరా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే బల్ల మీద వెలుగు పడింది. షట్టరు పైకి లేచింది.

హెడ్‌ఫోను తీసి వెనక్కి తిరిగాను. మడిగె నిండా మనుషులు.

"పోరగాండ్లు పానాలు ఇడుస్తుంటే నువ్వు చెవుల వెట్టుకొని పాటలింటున్నవారా, ముసలోడా?" అన్నాడొకడు.

పాటలు! నోరు తెరిచేలోపు చెంప మీద పడింది. కొట్టినవాడి ముఖం చూశాను. ఆటో అతను. చెవిలో గోనెసంచి చిరిగినట్టయింది, తరవాత వేడిగా మెడ మీదికి ఏదో కారింది. ఇనుప రాడ్డు ఒకటి బల్ల మీద పడి మీటర్లు పగిలాయి. బోర్డు కింద పడితే చెప్పుల కాళ్ళతో తొక్కారు. నా రాగి తీగ చుట్ట ఎవరి కాలి వేళ్ళకో చుట్టుకుని తెగింది. జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చి, పక్కటెముకల్లో తన్నారు. సందు ఆ కొస నుంచి పోలీసులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ లాఠీలకు కొట్టినవాడూ పడ్డవాడూ తేడా లేదు. నామీద ఇంకో రెండు పడ్డాయి. ఆటో అతని తల పగిలింది. ఆ నెత్తురు నా అంగీ మీద పడింది, నా నెత్తురులో కలిసింది.

సారు మడిగెలో మూలన నక్కి ఫోను చేసి ఇంటికి అంబులెన్సు పిలిపించాడు. మూసారాంబాగ్ దారిలో కాలుతున్న టైర్లను ఉద్యమం చేసేవాళ్ళే కాళ్ళతో తన్ని దానికి దారిచ్చారట. ఆవిడ బతికింది. ఇది చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను.

కోఠి దవాఖానలో చెవి పొర చిరిగిపోయిందన్నారు. తీగ చుట్ట మళ్ళీ చేసుకున్నాను. కుడి చెవికి కూత అందలేదు. కూతకు బదులు చిన్న బల్బు పెట్టి చూశాను. అది వెలుగుతుంది, ఆరుతుంది. ఆ రెంటికీ మధ్య చెవి పట్టే తేడాలు దానికేం తెలుసు? మడిగె ఖాళీ చేశాను.

తెలంగాణ వచ్చింది. మిఠాయి నేనూ తిన్నాను. ఆటో అతను మాత్రం నన్ను చూస్తే సందు మార్చేవాడు. చివరికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు దించుతుండగా కాలరు పట్టుకున్నాను.

"చెప్పురా. తెలిసినోన్ని, ఎందుకు కొట్టినవ్?"

"కాకా, ముందుగాల్ల ఉరికొచ్చి షట్టర్ కిందికెళ్ళి వంగి పిలిచిన. 'కాకా, షట్టర్ ఏసుకో, గుంపొస్తుంది' అన్న. మల్ల పిలిచిన. నువ్వు తలెత్తలె. అంతల్నే గుంపొచ్చింది. 'ఏందిరా, మీ కాక నిన్ను కుక్కలెక్క గూడ సూస్తలేడు' అని అందరు నవ్విర్రు. తలకాయ తిరిగింది."

"హెడ్‌ఫోన్ ఉండెరా! నాకెట్ల ఇనవడుతది?"

"నీకుండె. గోడకు గూసున్న సారుకు లేకుండె గద? నా మొకమే సూసిండు. పోయి ఆయన్ని అడుగు."

కాలరు వదిలేశాను. అక్కడి నుంచి నేరుగా సైదాబాద్ నడిచాను. అప్పటికి ఆవిడ పోయి కొంతకాలమైంది. సారు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సారూ, ఆ పొద్దు ఆ పిలగాడు పిలిచిండట. నువ్విన్నవా, ఇనలేదా?"

ఏదో గొణిగాడు. వినపడలేదని కుడి చెవి చూపించాను. దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, సందంతా వినేటట్టు అరిచి చెప్పాడు:

"విన్నానండీ గురువుగారూ! ఆ అబ్బాయి పిలిచిన ప్రతిసారీ విన్నాను. నోరు తెరిస్తే నా మాటను బట్టి నన్ను పట్టేస్తారని భయమేసింది. కొడితే నన్ను కొడతారు గానీ మిమ్మల్నెందుకు కొడతారు, మీరు వాళ్ళ మనిషే కదా అనుకున్నానండీ!"