పదకొండు సీసం బిళ్ళలు

స్టుట్‌గార్ట్‌లో నేనుండే ఇంటికి లిఫ్ట్ లేదు. మాది నాలుగో అంతస్తు. అద్దెకు తీసుకున్నప్పుడు అదొక లోపంగా తోచలేదు. రోజూ ఎక్కి దిగితే వ్యాయామం అనుకున్నాను. ఒక జనవరి ఉదయం ఆఫీసుకు బయల్దేరి, ఎస్-బాన్ స్టేషన్ బయట మంచు గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద జారి పడ్డాను. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరో రోజున ఇద్దరు అంబులెన్స్ మనుషులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాలుగంతస్తులూ మోసుకొచ్చి, సోఫా మీద దింపి వెళ్ళిపోయారు. ఎనిమిది వారాలు ఆ కాలు నేలకు ఆనించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

వాళ్ళ అడుగుల చప్పుడు కింది దాకా వినబడి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, నా అంతట నేను ఈ గదుల్లోంచి బయటపడలేనని.

మా ఆఫీసులో పనిచేసే గుంటూరు అమ్మాయి శనివారాలు సామాన్లు తెచ్చేది. వారానికి సరిపడా వండి డబ్బాల్లో పెట్టేది.

"అక్కా, ఇదిగో పప్పు, ఇది బెండకాయ. వేడి చేసుకుని తిను. మరీ ఒక్కదానివే అయిపోయావు, మా ఇంటికి వచ్చెయ్యరాదూ?"

"మీది మూడో అంతస్తు గదనే. ఎట్ల ఎక్కాలె? నాకేం గాదు, నువ్వు పో, ట్రెయిన్ పోతది."

ఆమె వెళ్ళాక మళ్ళీ శనివారం దాకా మనిషి ముఖం కనబడేది కాదు. క్రాంక్‌ష్రైబుంగ్, అంటే డాక్టరిచ్చిన సెలవు చీటీ, ఉంది కాబట్టి ఆఫీసు పని లేదు. కిటికీలోంచి ఎదురింటి గోడ, ఆ గోడ మీద ఒక గొట్టం కనిపించేవి. రెండో వారానికి ఆ గొట్టానికి ఎన్ని బిగింపులున్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. నాలుగింటికే చీకటి పడేది. ఇంట్లో నిప్పంటుకుంటే ఎలా దిగాలన్నది రోజూ ఆలోచించేదాన్ని. కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగాలని నిర్ణయించుకుని, ఒకరోజు తలుపు తీసి మెట్ల మొదట కూర్చున్నాను కూడా. కిందికి చూసేసరికి రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాను. అక్కడే ఉండిపోయాను.

అప్పుడు ఎదురు తలుపు తెరుచుకుంది.

ఆ ఇంట్లో ఒక జర్మన్ ముసలావిడ ఉంటుందని తెలుసు. రెండేళ్ళలో ఆమెను చూసింది రెండు మూడుసార్లే. ఎనభై మూడేళ్ళు. సన్నగా, నిటారుగా, నడక బండి పట్టుకుని నిలబడి ఉంది.

"దిగుతున్నారా, ఎక్కుతున్నారా?" అంది.

"రెండూ కాదు."

"నా పరిస్థితీ అదే. తుంటి విరిగాక కిందికి దిగి రెండేళ్ళయింది. లోపలికి రండి, కాఫీ ఉంది."

అలా మొదలైంది. ఆ అంతస్తులో చిక్కుకుపోయిన ఇద్దరం రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆమె వంటింట్లో కూర్చునేవాళ్ళం. నా జర్మన్ అంతంతమాత్రం. ఆమె పంతులమ్మలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడేది. వారం తిరక్కుండానే ఇక తనను 'నువ్వు' అనమంది. అలా చనువివ్వడం ఇక్కడ పెద్ద మర్యాద. ఎనభై మూడేళ్ళ మనిషిని నువ్వు అనడానికి నా నోరు రాలేదు. మీరు అనే పిలిచాను. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆమెకు ఉదయం ఒక నర్సు వచ్చేది. మెట్లు దింపే కుర్చీ ఒకటి ఉంటుందని, ఇద్దరు మనుషులు వచ్చి జాగ్రత్తగా దింపుతారని, కావాలంటే వారానికోసారి బయట తిప్పుతారని ఆ నర్సే నాకు చెప్పింది. "ఈవిడ ఒప్పుకోదు. పట్టీలతో కట్టేస్తారని భయం" అంది. ముసలావిడ వినబడనట్టు కాఫీ పోసింది.

ఒకరోజు లాప్‌టాప్ తీసుకురమ్మంది. ఒక పాత హాలీవుడ్ సినిమా పేరు చెప్పింది. ఉత్తర ధ్రువ సముద్రంలో మంచు మధ్య చిక్కుకుపోయిన ఓడ, అందులో నావికులు, వాళ్ళలో వాళ్ళకు పగలు, చివరికి మంచు పగిలి కొందరు బతకడం. పేరు నేను కూడా విన్నదే.

"ఆ సినిమాకు పనిచేసినవాళ్ళ జాబితా ఇంటర్నెట్‌లో ఉంటుందటగా. చదవండి. ఎవరు బతికున్నారో చూడాలి."

ఆ సినిమాలోని సముద్రం సముద్రమే కాదని అప్పుడు తెలిసింది. అరవయ్యేళ్ళ కిందట హాలీవుడ్ నుంచి వచ్చిన బృందం, జర్మనీ దక్షిణాన ఉన్న ఒక స్టూడియోలో పెద్ద నీళ్ళ తొట్టి కట్టించి, మైనంతో, ఉప్పుతో, సుద్దతో మంచు చేసి ఆ సినిమా తీసింది. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఫర్నిచర్ గోడౌన్ ఉందట. ఈవిడ అప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల. బట్టలు కుట్టే గదిలో పని.

నేను ఒక్కో పేరూ చదివాను. ఆమె ఒక్కో మనిషినీ చెప్పింది. హీరో జలుబుకు భయపడి వెల్లుల్లి నమిలేవాడు. హీరోయిన్ అతని పక్కన నిలబడాల్సిన రోజున ముఖం అటు తిప్పుకునేది. కెమెరామన్‌కు ఒక చెవి వినబడదు. సెట్ మీద మంచు పొగ వదిలే పెద్దాయన తన ఇంటి కుందేళ్ళ గురించి తప్ప మాట్లాడేవాడు కాదు. ప్రతి పేరు పక్కనా పుట్టిన ఏడు, పోయిన ఏడు. "ఇతనూనా!" అనేది ప్రతిసారీ. దుస్తుల విభాగంలో ఒక్క పేరే ఉంది, అది పెద్ద టైలరుది. ఆమె పేరు ఎక్కడా లేదు.

"మీ పేరు చేర్చవచ్చు. ఎవరైనా చేర్చవచ్చు ఇందులో" అన్నాను.

"వద్దు" అంది వెంటనే. "కింద చదవండి. హీరోకు బదులు నీళ్ళలో దూకినవాడి పేరు ఉందా?"

ఉంది. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో. ఏ ఏడూ లేదు. ఆమె ఆ సినిమా పెట్టమంది.

మంచు పగిలే ఘట్టం వచ్చింది. హీరో బరువైన కోటుతో నీళ్ళలో పడిపోయాడు. కెమెరా పైనుంచి చూస్తోంది. తెల్లటి మంచు పలక అడుగున ఒక చేయి కనిపించింది. కింది నుంచి కొడుతోంది. ఒకసారి, రెండుసార్లు, తర్వాత వేళ్ళు విచ్చుకుని పలకను గీరుతూ పక్కకు జారింది.

"అది నటన కాదు" అంది ఆమె, తెర వైపు చూడకుండా.

తర్వాత చెప్పినదంతా నాకు ఉన్నది ఉన్నట్టు గుర్తుంది. ఆ కోట్లు నీళ్ళ మీద గొడుగులా తేలుతుంటే చూడ్డానికి బాగుండదని, అంచు మడతలో ఏడు సీసం బిళ్ళలు పెట్టి కుట్టమన్నారట. ఆ ఘట్టాన్ని ముందు రోజు ఏడు బిళ్ళలతో తీశారు. అంచు తేలింది. డైరెక్టరు అందరి ముందూ ఆమె మీద ఇంగ్లిషులో అరిచాడు. ఆమెకు అర్థమైంది 'స్టుపిడ్' అన్న మాట ఒక్కటే.

"రాత్రి కోపంతో కుట్టాను. ఏడు కాదు, పదకొండు పెట్టాను. ఎవరినీ అడగలేదు."

మర్నాడు హీరోకు బదులు దూకేవాడు ఆ కోటుతో దూకాడు. పలక కింద ఈదుకుంటూ అవతలి అంచున పైకి తేలాలి. తేలలేదు. చేయి కొడుతుంటే, భలే చేస్తున్నాడని అందరూ చూస్తున్నారు. కోటు బరువెంతో తెలిసినది ఆమెకు ఒక్కదానికే. గట్టిగా అరిచింది. ఇద్దరు దూకి అతన్ని లాగారు. తడిసి ఉబ్బిన కోటుకు బొత్తాలు ఊడలేదు. మెడలో వేలాడే కత్తెరతో మెడ నుంచి అంచు దాకా ఆమే కోసింది. అతను నీళ్ళు కక్కుకుని, ఊపిరి తీసుకున్నాడు.

"మరి ఎవరూ అడగలేదా, ఎందుకలా అయిందని?"

"అడిగారు. ముందు రాత్రి అతను తాగాడని ఎవరో అన్నారు. అందరూ అవునన్నారు. ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి పంపేశారు. నేను అక్కడే ఉన్నాను, చేతిలో ఆ తడి కోటు ముక్కలతో. బిళ్ళలు జేబులో వేసుకున్నాను. నోరు తెరవలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చేయి కనబడుతూనే ఉంది. మర్నాడు ఆ జాబితాను మళ్ళీ తెరిచి చూస్తే, అతని పేరు చేర్చినది ఎవరో కూడా అందులో నమోదై ఉంది. ఇంటిపేరు అతనిదే. ఆ సంగతి చెప్పాక, ముసలావిడ రెండు రోజులు ఆలోచించి, ఆ పేరు చేర్చిన మనిషికి రాయమంది. తను చెప్పింది, నేను టైపు చేశాను. ఎక్కడా క్షమించమని లేదు. ఏడు బదులు పదకొండు పెట్టానని, అతను తాగి పడిపోలేదని, అప్పుడు చెప్పవలసింది చెప్పలేదని, అంతే.

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. రాసింది అతని కూతురు, హానోవర్‌లో ఉంటుంది. తండ్రి పోయి చాలాకాలమైందట. నేను ముందు మనసులో చదువుకుని, తర్వాత పైకి చదివాను.

'నాన్న మాకు ఈత నేర్పాడు, కానీ ఒడ్డున నిలబడే నేర్పాడు. ఎప్పుడూ నీళ్ళలోకి దిగలేదు. ఆ సినిమా టీవీలో వస్తే గదిలోంచి వెళ్ళిపోయేవాడు. ముందు రాత్రి ఒక్క గ్లాసు బీరు తాగానని, దానివల్లే చావు దాకా వెళ్ళానని చెప్పేవాడు. ఆ తర్వాత జీవితంలో మళ్ళీ ముట్టలేదు. నా పెళ్ళిలో కూడా ముట్టలేదు. మీరిది ఆయనకు చెప్పి ఉండాల్సింది. మీ మీద కోపం వచ్చింది. రెండు రోజుల తర్వాత, కత్తెరతో పరుగెత్తుకొచ్చిందని నాన్న చెప్పిన అమ్మాయి కూడా మీరే కదా అనిపించింది. మా అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె ఏడ్చింది. తాగడం వల్ల కాదు, తాగడం వల్ల కాదు అంటూనే ఉంది.'

ముసలావిడ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు మధ్యాహ్నం మూడింటికి ఆ తలుపు తట్టాను. నర్సుతో ఒంట్లో బాగాలేదని చెప్పించింది. నేను అనవసరంగా ఆమెను ఇందులోకి లాగానేమో అని భయం పట్టుకుంది. నా రెండు గదులు మరింత ఇరుకైపోయాయి. శనివారం వచ్చిన గుంటూరు అమ్మాయికి చెబితే, "అక్కా, అరవయ్యేళ్ళు మోసిందావిడ. మూడు రోజులు ఆగలేవా నువ్వు?" అంది.

నాలుగో రోజు ఆమే వచ్చి నా తలుపు తట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి, జుట్టు మాత్రం నున్నగా దువ్వుకుంది.

"ఆ కుర్చీ వాళ్ళకు ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేందుకు టెర్మిన్ ఏ తేదీకి దొరుకుతుందో అడగండి. మీరు పక్కన ఉండాలి. పట్టీ విప్పమంటే వెంటనే విప్పాలి, అలా అని వాళ్ళకు చెప్పండి."

టెర్మిన్ దొరికేసరికి మార్చి చివరి వారం వచ్చింది. అప్పటికి నేను ఒక కర్ర సాయంతో కాలు ఆనించి నడుస్తున్నాను. ఆ కుర్చీ తెచ్చిన ఇద్దరిలో పెద్దతను పట్టీ బిగించి, దాన్ని విప్పే బొత్తం ఎక్కడుందో ఆమె వేలు పట్టుకుని చూపించాడు. మూడో అంతస్తుకు దిగేలోపు ఆమె రెండుసార్లు విప్పించింది. రెండుసార్లూ అతను విసుక్కోకుండా విప్పి, ఆగి, మళ్ళీ కట్టాడు. నేను వెనకే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. మూడో అంతస్తు దాటాక ఆమె ఇక విప్పమనలేదు. కింది తలుపు తీసేసరికి చల్లగాలి ముఖాన కొట్టింది. ఇద్దరికీ కళ్ళ నీళ్ళు వచ్చాయి. గాలికే అన్నట్టు ఇద్దరం తుడుచుకున్నాం.

మూలనున్న బేకరీ దాకా వెళ్ళాం. అక్కడ ఆమెకు తెలిసిన మనుషులెవరూ లేరు. ఆమె తనకొకటి, నాకొకటి, ఆ ఇద్దరికీ చెరొకటి వెన్న పూసిన బ్రెట్‌సెల్ రొట్టె చెప్పింది. ఎండలో బల్ల దగ్గర కూర్చుని, తనది మొత్తం తిని, వేళ్ళకంటిన ఉప్పు దులుపుకుంది.

"వచ్చే మంగళవారం మళ్ళీ రాగలరా?" అని ఆ పెద్దతన్ని అడిగింది.