చెప్పకుండా వెళ్లినవాళ్లం

ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు మాట్లాడటం కన్నా ఊరుకోవడం బాగా వచ్చు. అనకాపల్లి దాటాక హైవే పక్కన, చెరకు తోటల మధ్య లేచిన యూనివర్సిటీ మాది. వరండాల్లో ఎక్కడ చూసినా ఇంగ్లీషులోనే మాట్లాడాలని బోర్డులు. దాంతో ఒడియా, హిందీ, తమిళం, నేపాలీ, మా తెలుగు అన్నిటినీ గుడి ముందు చెప్పులు విడిచినట్టు గేటు దగ్గర విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. క్లాసులో ఆ నిశ్శబ్దం చూసి మాకు క్రమశిక్షణ ఎక్కువని మేష్టార్లు పొంగిపోయేవారు. నిజానికి ఒక్కో వాక్యాన్నీ ముందు తెలుగులో కట్టుకుని ఇంగ్లీషులోకి మోసుకెళ్తుంటే దారిలోనే సగం ఒలికిపోయేది. మిగిలిన సగాన్ని నలుగురిలో పైకి అనే ధైర్యం ఎవరికుంటుంది?

నా రూమ్మేటు బీహారు నుంచి వచ్చాడు. అందరినీ భాయ్ అంటాడు కాబట్టి మేం అతనికే ఆ పేరు పెట్టేశాం. ఇంట్లో అతని మాట మైథిలి. హిందీ కూడా బడికెళ్లి నేర్చుకున్నదేనట (అది తెలిశాక నాకు అతని మీద కాస్త ప్రేమ పెరిగింది). నాకు హిందీ రాదు, అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ వచ్చీరానట్టే. అయినా ఒకే బకెట్టు, ఒకే ఇస్త్రీపెట్టె, మా అమ్మ పంపిన ఒకే బెల్లం డబ్బాతో మా కాపురం హాయిగా సాగిపోయింది. మా వైపు మగాళ్లు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం విని, ఇక్కడ అదే మర్యాద కాబోలనుకుని, ఒకనాడు వార్డెనుగారిని కూడా "గుడ్ మార్నింగ్ బావా" అని పలకరించాడు. ఆయనకు పెళ్లికాని చెల్లెలుంది. చాలా రోజులు భాయ్‌ని అదోలా చూసేవారు.

రెండో ఏడాది వానాకాలంలో భాయ్ వాళ్లమ్మ పోయింది. ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది. ఆఖరి చూపుకి అందడని తెలిసీ సాయంత్రం రైలుకి బయల్దేరాడు. ఈలోగా మా చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లంతా ఒక్కొక్కరే మా గదికి వచ్చి మంచం మీద, నేల మీద కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాకైతే ఇంగ్లీషు క్లాసులో నేర్పిన సంతాపం ఉత్తరంలోని ముక్కలే నోటికొస్తున్నాయి. వాటిని అనడానికి సిగ్గేసింది. కాసేపు కూర్చుని ఎవరికి వాళ్లు లేచి వెళ్లిపోయారు. మా వైపు చావు కబురున్న చోటు నుంచి లేచేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. మళ్లీ అలాంటి పని మీద మనం రావలసిన గతి ఆ ఇంటికి పట్టకూడదని. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి దాన్ని ఒకరికి విడమరచి చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

స్టేషనుకి నేనూ, మా పాయకరావుపేట బావా వెళ్లాం (వరసకు ఏమీ కాడు, ఊరికే బావ). భాయ్‌ని సీట్లో కూర్చోబెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చి, ప్లాట్‌ఫారం మీదకి దిగాక మాకో ధర్మసందేహం వచ్చింది. రైలు కదిలేటప్పుడు చెయ్యూపాలా, వద్దా? ఇది చావిల్లు కాదు కదా అన్నాను నేను. బావ తల గోక్కుంటూ ఆలోచించి తీర్పు చెప్పాడు.

"ఏడుపున్న మడిసి ఎక్కడుంటే అదే సావిల్లు. సెప్పకుండా ఎల్లిపోదాం పద."

నేను తిరిగి చూడబోతే చొక్కా పట్టుకుని లాక్కుపోయాడు కూడా. 

భాయ్ గుండుతో తిరిగొచ్చి, ఆ రోజే పై అంతస్తులో వేరే గదికి మారిపోయాడు. ఎందుకని అడిగితే ఇంగ్లీషులో ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు: "మా అమ్మ పోయింది. మీరు ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారు. రైలు కదిలేదాకా కిటికీలోంచి మీకోసం చూశాను."

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆచారాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి అద్దం ముందు నిలబడి ఎంత కసరత్తు చేసినా, చచ్చినవాళ్ల ఇంటికి మేం వెళ్లమన్నట్టే వస్తోంది. ఆఖరికి మా బావే ఉపాయం చెప్పాడు. నేను తెలుగులో చెప్తే బరంపురం కుర్రాడు ఒడియాలోకి తిప్పుతాడు. అది విని జంషెడ్‌పూర్ కుర్రాడు హిందీలో భాయ్‌కి చెప్తాడు. మెస్సులో పళ్లేల ముందు కూర్చున్నాం. నేను కళ్లనీళ్లు పెట్టుకుని చాలాసేపు చెప్పాను. బరంపురం కుర్రాడు అందులో సగం చెప్పాడు. జంషెడ్‌పూర్ కుర్రాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇన్ని గానుగలు తిరిగాక భాయ్ దాకా రసం చేరిందో, పిప్పి చేరిందో తెలియలేదు. ఇంకోసారి చెప్పమందామంటే అప్పుడే వార్డెనుగారు వచ్చి, ఇంగ్లీషు, ఇంగ్లీషు అని హెచ్చరించి వెళ్లారు. అందరం నోళ్లు మూసుకున్నాం. భాయ్ "ఓకే" అని పళ్లెం తీసుకుని లేచాడు. మళ్లీ మా గదికి రాలేదు. చదువయ్యేదాకా ఆ మంచం ఖాళీగానే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు బాధేసేది.

నిరుడు చెరకు నరికే రోజుల్లో మా నాన్న పోయాడు. మూడోనాడు మధ్యాహ్నం మా ఇంటి ముందు ఒక మనిషి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. పరవాడలో మందుల కంపెనీ యూనిఫారం, కాస్త పొట్ట. భాయ్. కాలేజీ వదిలాక పండగలకు ఫోనులో శుభాకాంక్షల బొమ్మలు పంపుకోవడమే తప్ప మాటల్లేవు మా మధ్య. మా పాయకరావుపేట బావ కబురు పెట్టాడట. వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఎలాగయ్యింది బావా?" అన్నాడు. కంపెనీ బస్సులో నేర్చిన తెలుగు కాబోలు, అచ్చం మా ఊరి మాటే.

చెప్పాను. ఏ భాషలోకీ తిప్పుకోకుండా అంతా చెప్పుకుని ఏడ్చాను. అతను నా మోకాలి మీద చెయ్యి వేసి అంతా విన్నాడు. తర్వాత లేచాడు. నావైపు చూడలేదు. బూట్లు తొడుక్కుని, వెళ్లొస్తానని అనకుండా, ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా నడుచుకుంటూ రోడ్డెక్కేశాడు.

లోపలి నుంచి మా అమ్మ గుమ్మంలోకి వచ్చి అతను వెళ్లిన వైపే చూసింది.

"ఎవుల్రా ఆ బాబు? సెప్పకుండా ఎల్లిపోయేడు. మనోడేనేటి?"

మనోడేనమ్మా అన్నాను. మెస్సులో పళ్లెం ముందు తెలుగులో ఏడుస్తూ కూర్చున్న అప్పటి నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. చావింట్లో నవ్వితే బాగుండదని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.